నవలల కట్ట కొంటున్నారా? ముందు ఫారాలు లెక్కపెట్టుకోండి

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల పాత వీక్లీ నవలలు వెతికి కొనుక్కునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. "12 సూపర్‌హిట్ నవలలు, ఒకే కట్ట, 2,400 మాత్రమే" అని వాట్సాప్‌లో తిరుగుతున్న ఫోటో చూసి డబ్బు పంపాను. వచ్చిన పన్నెండులో ఐదు పనికిరావు. డబ్బు ఇంకా పూర్తిగా వెనక్కి రాలేదు. అమ్మినవాడి పేరు రాసినా లాభం లేదు, ఆ నంబరుకి ఇప్పుడు వేరే పేరు కనిపిస్తోంది. కాబట్టి పేరు కాదు, పద్ధతి గుర్తుపెట్టుకోండి.

మా అమ్మకి అరవై ఎనిమిదేళ్ళు. శుక్లం ఆపరేషన్ అయ్యాక, ఇక చదువుకోవచ్చని డాక్టరు చెప్పగానే ఆవిడ అడిగింది పెళ్ళైన కొత్తలో చదివిన సీరియల్ నవలలు. ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి, ఆంధ్రభూమి వీక్లీలు వీధికొకటి వస్తే పది ఇళ్ళు వంతులు వేసుకుని చదివిన రోజులవి. మా అమ్మ వంతు వచ్చేసరికి మధ్య పేజీల మీద సాంబారు మరకలు ఉండేవట.

మామూలుగా అయితే విజయవాడ ఏలూరు రోడ్డుకి వెళ్ళి నాలుగు పుస్తకాల షాపులు తిరిగేదాన్ని. మా సత్యనారాయణపురం నుంచి ఎంత దూరం కనుక! బద్ధకించాను. ఎండ ఒకటి సాకు. ఫోన్లో డబ్బు కొట్టేశాను, కొరియర్‌కి ఇంకో 120 కూడా.

పార్సిల్ విప్పితే అట్టలు తళతళలాడుతున్నాయి. లోపల చూస్తే రెండు పుస్తకాలు ఎవరి దగ్గరో పాత కాపీ జిరాక్స్ తీసి, కుదించి అచ్చు వేసినవి. ఏది 'ప', ఏది 'ష' అన్నది అందాజుగా చదువుకోవాలి. ఆపరేషన్ అయిన కళ్ళకి ఇవ్వాల్సిన పుస్తకాలా అవి! మూడోది రెండు భాగాల నవల, పంపింది మొదటి భాగం ఒక్కటే. నాలుగోది కథనే కుదించిన ప్రతి. ఆ ముక్క అట్ట మీద గానీ లోపల గానీ ఎక్కడా లేదు. కనిపెట్టింది మా అమ్మే. "ఇందులో మేనత్త ఏదే? ఆవిడ లేకపోతే ఆ పెళ్ళి ఎలా చెడుతుంది?" అంది.

ఐదోదాని సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందులో నా తప్పు కూడా ఉంది. అది 272 పేజీల నవల. అమ్మకంటే ముందు నేనే ఒక మధ్యాహ్నం కూర్చుని చదివేశాను. సగం దాటాక "ఇది ఇందాక చదివినట్టుందే" అనిపించింది. ఈ రకం నవలల్లో అలా అనిపించడం మామూలే కదా అనుకుని ముందుకు పోయాను. తీరా చూస్తే 113 నుంచి 128 దాకా ఉన్న పేజీలు రెండుసార్లు కుట్టారు, 129 నుంచి 144 దాకా అసలు లేవు. ఒక ఫారం, అంటే ఒక్కటిగా మడిచి కుట్టే పదహారు పేజీలు, మొత్తం పోయింది. పుస్తకం అయిపోయాక కూడా నాకు తెలియలేదు. మర్నాడు అమ్మ చదువుతూ కేకేసింది.

పదహారు పేజీలు పోయినా తెలియని కథ అంటే, నా లెక్కలో అది పదహారు పేజీలు ఎక్కువ రాసిన కథ. ఇలా అంటే మా ఇంట్లోనే ఎవరికీ నచ్చదు, మీకూ నచ్చకపోవచ్చు. అయినా చెప్తాను. ఆ నవలల్లో చాలా వాటిని పుస్తకంగా చదవడానికి రాయలేదు, వారం వారం చదవడానికి రాశారు. ప్రతి వారం చివర ఒక ఉలికిపాటు ఉండాలి, కింద 'ఇంకా ఉంది' అని పడాలి. వారం ఆగి చదివేవాళ్ళకి అది అమృతం. ఒక్క బిగిన చదివితే ప్రతి ఎనిమిది పేజీలకీ ఎవరో తలుపు కొడతారు, తీస్తే ఎవరూ ఉండరు. నాలుగో తలుపు దగ్గర నాకు ఆవలింత వచ్చింది.

హీరో సంగతి సరే సరి. ఆరడుగుల ఎత్తు, పెద్ద కారు, పొగరు. హీరోయిన్‌ని నలుగురిలో అవమానిస్తాడు, చివర్లో అది ప్రేమ అని తేలుతుంది. ఇది రొమాన్సా అని నేనంటే మా అమ్మ ఊరుకోలేదు. "మీకేం, ఉద్యోగాలు, జీతాలు. మాకు ఆ రోజుల్లో ఇంట్లోంచి బయటికి చూపించిన కిటికీ అదే" అంది. ఆ మాట నాకు తగిలింది. అయితే కిటికీలోంచి కనిపించింది కూడా ఇంకో పెద్దింటి గుమ్మమే కదా అన్నాను. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

చేతబడి నవలల గురించి మొదలుపెడితే ఈ పోస్టు ఇప్పట్లో అయిపోదు. మధ్యలో రెండు పేజీల సైన్సు వేసి నమ్మించే ఆ పద్ధతి నాకు మొదటినుంచీ గిట్టదు. ఇప్పటి థ్రిల్లర్లూ అంతే, సినిమా వాళ్ళు కొంటారేమోనని రాసినట్టు ఉంటాయి. ఇంకో మాట: "తప్పక చదవాల్సిన నవల" అని మనకి గట్టిగా చెప్పేవాళ్ళలో ఎక్కువమంది దాన్ని ముప్పై నలభై ఏళ్ళ కింద చదివినవాళ్ళు. వాళ్ళు చెప్పేది పుస్తకం గురించి కాదు, వాళ్ళ పదిహేడో ఏడు గురించి. ఆ సిఫార్సు పట్టుకుని 2,400 పెట్టకండి.

ఇప్పుడు అసలు జాగ్రత్త. అమ్మినవాడికి ఫిర్యాదు పంపుతూ నేను చేసిన పొరపాటు ఏమిటంటే, పోయిన పేజీల గురించి రాస్తూ ఆవేశంలో "పైగా కథ కూడా ఏం బాలేదు" అని ఒక వాక్యం తగిలించాను. అతను సరిగ్గా దాన్నే పట్టుకున్నాడు. "మేడం, లక్షల మంది మెచ్చిన బుక్స్ ఇవి. మీకు టేస్ట్ లేకపోతే మేమేం చేస్తాం? నచ్చలేదని రిటర్న్ తీసుకోం" అన్నాడు. ఫారం పోయిందని ఫోటో పెడితే "ఇంతవరకూ ఎవరూ కంప్లైంట్ చెయ్యలేదు" అన్నాడు. ఆ మాట నిజమే అయ్యుంటుంది. కట్టలు కొనేవాళ్ళలో ఎంతమంది విప్పి చదువుతారు? షోకేసులో పెట్టేస్తారు.

కాబట్టి ఫిర్యాదులో అభిప్రాయాలు రాయకండి. పేజీ నంబర్లు రాయండి, ఫోటోలు పెట్టండి, అంతే. పార్సిల్ విప్పేటప్పుడు ఫోన్లో వీడియో తీసుకోండి. నేను తియ్యలేదు, అందుకే ఇన్ని మాటలు పడ్డాను.

కొనేముందు చూడాల్సింది అట్ట కాదు, రెండో పేజీ. ప్రచురణకర్త ఎవరు, ఎన్నో ముద్రణ, ఏ సంవత్సరం, వెల ఎంత, కింద 'ప్రతులకు' అని షాపుల చిరునామాలు. సరైన పుస్తకంలో ఇవి ఉంటాయి. నాకు వచ్చిన జిరాక్స్ పుస్తకాల్లో ఆ పేజీ ఖాళీ. ఖాళీ అంటే ఊరికే కాదు. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ళ దాకా కాపీరైట్ ఉంటుంది. అంటే 1970ల్లో రాసిన నవల ఏదీ ఇంకా ఎవరుపడితే వాళ్ళు వేసుకునే స్థితికి రాలేదు. ఆ కట్ట డబ్బులో రచయిత ఇంటికి పైసా పోదు. నాకు ఆ నవలలు నచ్చవు, నిజమే. అంతమాత్రాన వాటిని దొంగతనంగా అచ్చు వెయ్యమని కాదు.

తర్వాత ఫారాలు. మన పుస్తకాలు ఎక్కువగా 16 పేజీల ఫారాలుగా కుడతారు. 16 తర్వాత 17, 32 తర్వాత 33, 48 తర్వాత 49... ఆ అతుకుల దగ్గర మాత్రం తిరగేసి చూస్తే చాలు, రెండు నిమిషాల పని. మంచి ప్రచురణ సంస్థల పుస్తకాల్లో కూడా ఒక్కోసారి ఫారం తారుమారవుతుంది, కాదనను. కానీ షాపులో కొంటే మారు మాట్లాడకుండా వేరే కాపీ ఇస్తారు, నాకు రెండుసార్లు ఇచ్చారు. జనవరి పుస్తకాల పండగలో కొంటే రేటూ తగ్గుతుంది, చేత్తో పట్టుకుని చూసుకోనూ వచ్చు. కొనాలో వద్దో తేలకపోతే ఠాగూర్ లైబ్రరీలోనో రామ్మోహన్ లైబ్రరీలోనో ఉందేమో చూసి, ముప్పై పేజీలు చదివాక నిర్ణయించుకోండి.

పోయిన ఆ పదహారు పేజీలు చివరికి లెనిన్ సెంటర్‌లో దొరికాయి. పాత పుస్తకాల బాబాయ్ ఒకాయన అరగంట వెతికి అదే నవల తీశాడు. అద్దె లైబ్రరీ రబ్బరు స్టాంపు, వీపుకి గోనె దారం కుట్టు, పేజీలన్నీ ఉన్నాయి. 70 రూపాయలు. అమ్మ మంచం మీద కూర్చుని నేరుగా 129వ పేజీ తీసింది. ఆ ఫారంలో హీరోయిన్ ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి ఇంకో ఊళ్ళో ఇంటర్వ్యూకి వెళ్తుంది. హీరో లేడు, కారు లేదు, తలుపు కొట్టేవాళ్ళూ లేరు. టిక్కెట్టుకి చిల్లర సరిపోతుందో లేదోనని దారంతా లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. నలభై ఏళ్ళుగా ఆ నవలలో అమ్మకి గుర్తున్నది అదొక్కటేనట.

నేనూ చదివాను. బాగుంది. ఆ పదహారు పేజీల విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. మిగతా 256 పేజీల మీద మాత్రం కాదు.

ఇక డబ్బు సంగతి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను, తెలుగులోనే మాట్లాడారు, ఫిర్యాదు నంబరు ఇచ్చారు. ఆ నంబరు అతనికి పంపిన సాయంత్రం 800 వచ్చాయి, "గుడ్‌విల్" అని ఒక మెసేజీతో. మిగతాది కూడా ఇవ్వకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 5 లక్షల లోపు కేసుకి ఫీజు లేదు, నాకు ఓపిక ఉంది.

రెండు భాగాల నవల మొదటి భాగం అమ్మ పూర్తి చేసేసింది, రెండోది కావాలని రోజూ అడుగుతోంది. మీలో ఎవరి దగ్గరైనా పాత వీక్లీ నవలల రెండో భాగాలు ఉంటే చెప్పండి, కొంటాను. ముందు రెండో పేజీ ఫోటో పంపాలి.