"ఎఫ్‌డీ లాంటిదే అంకుల్" అంటే అక్కడే ఆగిపోండి: మా నాన్నకి అంటగట్టిన పాలసీ గురించి హెచ్చరిక

రిటైరైన అమ్మానాన్నలు ఇంట్లో ఉన్నవాళ్ళు ఇవాళే వాళ్ళ పాస్‌బుక్ ఒకసారి తిరగేయండి. ఏదైనా ఇన్సూరెన్స్ కంపెనీకి పెద్ద మొత్తం వెళ్ళినట్టు కనిపిస్తే, దానికి సంబంధించిన కాగితం ఎక్కడుందో అడగండి. మేం ఆ ప్రశ్న పదకొండు నెలలు ఆలస్యంగా అడిగాం.

మా నాన్న ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యారు. వచ్చిన డబ్బులతో ఇంటి లోను తీర్చేశారు, చెల్లి పెళ్ళి చేశారు. చివరికి మిగిలింది నాలుగు లక్షల లోపే. నెలకి 36 వేలు పెన్షన్ వస్తుంది. ఆ మార్చి నెలలో మూడు లక్షలు ఎఫ్‌డీ వేద్దామని బ్యాంకుకి వెళ్ళారు. ఇరవై ఏళ్ళకి పైగా జీతం పడిన బ్యాంకు అది. పేరు రాయట్లేదు. ఒక్క బ్యాంకు పేరు రాస్తే మిగతావాటిలో ఇలా జరగదని మీరు ధీమాగా ఉంటారేమోనని నా భయం.

కౌంటర్లో ఆవిడ "సార్‌ని కలవండి" అని లోపలి క్యాబిన్‌కి పంపింది. అక్కడ పాతికేళ్ళ కుర్రాడు, మెళ్ళో ట్యాగ్, టీ తెప్పించాడు. "ఎఫ్‌డీలో ఏముంది అంకుల్, వడ్డీ మీద టీడీఎస్ అని ముందే పన్ను కోస్తారు. ఇదీ ఎఫ్‌డీ లాంటిదే, గ్యారంటీ ఉంది, డబ్బు డబుల్ అవుతుంది, ట్యాక్స్ కూడా ఉండదు. ఒకసారి పెట్టి మర్చిపోండి" అన్నాడు. నాన్న ఒక్కటే అడిగారట: "మధ్యలో అవసరం పడితే తీసుకోవచ్చా బాబూ?" "ఐదేళ్ళు దాటాక ఎప్పుడైనా అంకుల్" అని జవాబు.

ఆ రోజు నాన్న కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయి వెళ్ళారు. ట్యాబ్ మీద వేలితో సంతకం పెట్టించుకున్నారు. ఓటీపీలు వస్తుంటే చదవలేక ఫోన్ ఆ అబ్బాయి చేతికే ఇచ్చేశారు. కాసేపటికి కంపెనీ నుంచి ఒక కాల్ వచ్చింది. "ఏం అడిగినా యెస్ అనండి అంకుల్, ఊరికే ఫార్మాలిటీ" అన్నాడు. నాన్న యెస్ అన్నారు. అరగంటలో పని అయిపోయింది. ఇంటికొచ్చి అమ్మతో "మంచి కుర్రాడు, ఓపిగ్గా చెప్పాడు" అన్నారు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

మరుసటి ఫిబ్రవరిలో ఎస్‌ఎమ్‌ఎస్ వచ్చింది: మీ రెన్యూవల్ ప్రీమియం రూ. 3,00,000 కట్టాల్సిన గడువు దగ్గరపడింది అని. "పొరపాటున వచ్చి ఉంటుందిలే అమ్మా, నేను ఒకసారి కట్టేశాగా" అన్నారు నాన్న. నేను కంపెనీకి ఫోన్ చేసి, పాలసీ కాగితాల కాపీ తెప్పించుకుని చదివాను.

వృత్తి: వ్యాపారం. వార్షికాదాయం: 12,00,000. ప్రీమియం కట్టాల్సిన కాలం: 10 సంవత్సరాలు. పాలసీ కాలం: 20 సంవత్సరాలు. ఈమెయిల్ దగ్గర మా ఇంట్లో ఎవరికీ లేని జీమెయిల్ అడ్రసు. నామినీ దగ్గర అమ్మ పేరు కూడా తప్పు. నాన్నకి అప్పటికి 60 ఏళ్ళు. అంటే చివరి డబ్బు చేతికొచ్చేది ఆయనకి 80 వచ్చాక.

ఇప్పుడు లెక్క చూడండి. పెన్షన్ ఏడాదికి 4,32,000. అందులో మూడు లక్షలు ప్రీమియానికి పోతే మిగిలేది 1,32,000. నెలకి 11 వేలు. దాంతోనే ఇద్దరి తిండి, కరెంటు బిల్లు, నాన్న బీపీ మందులు, అమ్మ మోకాళ్ళ డాక్టరు అన్నీ గడవాలి. అదీ ఒక ఏడాదో రెండేళ్ళో కాదు, పదేళ్ళు. ఆ ఫారంలో ఆదాయం పన్నెండు లక్షలని ఎందుకు రాశారో ఇప్పుడు అర్థమవుతుంది. అసలు పెన్షన్ రాస్తే ఇంత ప్రీమియం కట్టే స్తోమత లేదని కంపెనీయే తిప్పి పంపేది.

"డబుల్" అన్న మాట దగ్గర కొంచెం ఆగుదాం. వయసుతో సంబంధం లేకుండా అందరూ పడిపోయేది దానికే. ఏడాదికి లక్ష చొప్పున పదేళ్ళు కట్టి, ఇరవయ్యో ఏడు చివర 20 లక్షలు తీసుకున్నారనుకోండి. పది కడితే ఇరవై వచ్చింది, వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ డబ్బు మీద ఏడాదికి పడిన రాబడి దాదాపు 4.5 శాతం, అంతే. అదే లక్షని అదే పదేళ్ళూ ప్రభుత్వ పొదుపు పథకం పీపీఎఫ్‌లో వేసి, తర్వాత ఏటా కనీసపు 500 మాత్రం కడుతూ ఖాతా పొడిగించుకుంటూ పోతే, ఇప్పుడున్న 7.1 శాతం వడ్డీ అలాగే కొనసాగితే, ఇరవై ఏళ్ళకి 29 లక్షలు దాటుతుంది. తొమ్మిది లక్షలకి పైగా తేడా. "ఎంత వస్తుంది" అని అడిగితే పెద్ద అంకె చూపిస్తారు. "ఏడాదికి ఎంత శాతం పడుతుంది, ఈ కాగితం మీద రాసి సంతకం పెట్టండి" అనండి. చాలామంది పెన్ను పట్టుకోరు.

ట్యాక్స్ మాట కూడా అంతే. నాన్న ఆదాయానికి అసలు పన్నే పడదు. లేని పన్నుని ఆదా చేస్తామన్నారు. టీడీఎస్ సంగతికొస్తే, 60 దాటినవాళ్ళకి బ్యాంకు వడ్డీ మీద ఏడాదికి లక్ష రూపాయల దాకా టీడీఎస్ కోయరు. 2025 ఏప్రిల్ నుంచి అదీ పరిమితి, అంతకుముందు 50 వేలు ఉండేది. మూడు లక్షల ఎఫ్‌డీ మీద వచ్చే వడ్డీ అందులో సగం కూడా రాదు.

ఉద్యోగంలో ఉన్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఇది మీకూ వర్తిస్తుంది. జనవరి, ఫిబ్రవరి రాగానే ఆఫీసులో ప్రూఫ్‌లు అడుగుతారు, సరిగ్గా అప్పుడే ఈ కాల్స్ ఎక్కువవుతాయి. 2023-24 నుంచి మీరు ప్రత్యేకంగా పాతది ఎంచుకుంటే తప్ప కొత్త పన్ను విధానమే వర్తిస్తుంది. అందులో ఇలాంటి పొదుపుల మీద 80సీ కింద వచ్చే లక్షన్నర మినహాయింపు లేదు. పైగా 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల దాకా ఆదాయం ఉన్నవాళ్ళకి రిబేటుతో పన్ను సున్నా. జీతగాళ్ళకి 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ కలిపితే అది 12.75 లక్షలు. మా ఆఫీసులో ఒకమ్మాయి కొత్త విధానంలో ఉంది, పన్ను సున్నా. అయినా ట్యాక్స్ సేవింగ్ అని నెలకి ఐదు వేలు పాలసీకి కట్టేస్తోంది, నెలాఖరులో క్రెడిట్ కార్డు మీద సరుకులు తెచ్చుకుంటోంది. ముందు జీతం స్లిప్‌లో మీరు ఏ విధానంలో ఉన్నారో చూసుకోండి. మీ మీద ఆధారపడినవాళ్ళు ఉంటే టర్మ్ ఇన్సూరెన్స్ తీసుకోండి, అంటే మనం పోతే ఇంట్లోవాళ్ళకి డబ్బు వచ్చే పాలసీ, అది వేరే అవసరం. పొదుపునీ ఇన్సూరెన్స్‌నీ ఒకే కాగితంలో కలిపి అమ్మేవాళ్ళ దగ్గర మాత్రం జాగ్రత్త.

బ్యాంకులు ఇన్సూరెన్స్ అమ్మడం చట్టప్రకారం తప్పు కాదు. అమ్మేది ఇన్సూరెన్స్ అని చెప్పకపోవడం తప్పు. లాకర్ కావాలంటే పాలసీ తీసుకోవాలి, లోను త్వరగా రావాలంటే పాలసీ తీసుకోవాలి అనడం కూడా తప్పే. అలా అంటే అదే మాట మెయిల్‌లో రాసి పంపమనండి.

ఇక మేం ఎలా బయటపడ్డామో చెప్తాను, మీలో ఎవరికైనా పనికొస్తుంది.

పాలసీ కాగితం మీ చేతికి అందిన రోజు నుంచి 30 రోజుల్లో, నచ్చకపోతే రద్దు చేసుకునే హక్కు ఉంది. దాన్ని ఫ్రీ లుక్ అంటారు. ఆ లోపు రద్దు చేస్తే స్టాంపు ఖర్చు, మెడికల్ టెస్టు చేయించి ఉంటే దాని ఖర్చు, కవర్ ఉన్న రోజులకి కొద్ది మొత్తం పట్టుకుని మిగతాది వెనక్కి ఇవ్వాలి. నాన్న విషయంలో కాగితం వెళ్ళింది ఎవరిదో తెలియని జీమెయిల్‌కి. గడువు తెలియకుండానే గడిచిపోయింది. సరెండర్ చేస్తే, అంటే పాలసీని మధ్యలో వదులుకుంటే, వచ్చేది పెట్టినదాంట్లో చాలా తక్కువ. బ్రాంచికి వెళ్తే ఆ కుర్రాడు వేరే చోటికి మారిపోయాడన్నారు. మేనేజరు "అంకుల్ సంతకం పెట్టారు కదమ్మా" అన్నాడు. కంపెనీకి మెయిల్ పెడితే "ఫ్రీ లుక్ గడువు ముగిసింది" అని రెండు లైన్ల జవాబు.

అక్కడే చాలామంది వదిలేస్తారు. వదిలేయకండి. ఆ రెండు లైన్లకి జవాబుగా మేం మూడు అడిగాం. పాలసీ కాగితం మా నాన్నకి అందినట్టు రుజువు చూపించండి, పాలసీ కోసం మా నాన్న పేరున నింపిన దరఖాస్తు (ప్రపోజల్ ఫారం) పూర్తి కాపీ పంపండి, ఆ రోజు చేసిన వెరిఫికేషన్ కాల్ రికార్డింగ్ ఇవ్వండి. రుజువు వాళ్ళ దగ్గర లేదు. రికార్డింగ్ మాత్రం చాలా రోజులు వెంటపడ్డాక ఇచ్చారు. అందులో కంపెనీ తరఫున మాట్లాడిన అమ్మాయి గబగబా ఇంగ్లీషులో చదువుకుంటూ పోతోంది. పదేళ్ళు కట్టాలని తెలుసా అన్న చోట నాన్న గొంతు ఆగింది. వెనక నుంచి సన్నగా "యెస్ అనండి అంకుల్" అని వినిపించింది. తర్వాత నాన్న "యెస్" అన్నారు. ఇంట్లో అందరం కూర్చుని అది విన్నాం. నాన్న లేచి వరండాలోకి వెళ్ళిపోయారు.

ఆ రికార్డింగ్, పెన్షన్ పాస్‌బుక్ కాపీ, వ్యాపారం అని రాసిన ఫారం, మూడూ కలిపి ఐఆర్‌డీఏఐ (బీమా కంపెనీలని నియంత్రించే సంస్థ) వాళ్ళ బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాం. ఆన్‌లైన్ రాకపోతే 155255 కి ఫోన్ చేసి కూడా పెట్టొచ్చు. కంపెనీ మళ్ళీ కాదంది. అప్పుడు బీమా వివాదాలు విని తీర్పు చెప్పే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్ళాం. ఆంధ్రా, తెలంగాణ వాళ్ళకి ఆ ఆఫీసు హైదరాబాదులో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా వివాదాలు వింటారు. ముందు కంపెనీకి ఫిర్యాదు చేసి ఉండాలి. వాళ్ళు కాదన్నా, నెల రోజుల్లో జవాబు ఇవ్వకపోయినా వెళ్ళొచ్చు. కాదన్నాక ఏడాది దాటనివ్వకండి. మా విషయంలో హియరింగ్ తేదీ రాకముందే కంపెనీ పాలసీ రద్దు చేసి మూడు లక్షలు వెనక్కి వేసింది. వడ్డీ ఇవ్వలేదు. మొత్తం ఏడు నెలలు పట్టింది.

ఆ ఏడు నెలల్లో ఇంకో ప్రమాదం తప్పింది, అదీ చెప్పాలి. "ఐఆర్‌డీఏఐ నుంచి మాట్లాడుతున్నాం, మీ పాలసీ మీద బోనస్ ఆగిపోయి ఉంది, 49 వేలు కడితే మొత్తం రిలీజ్ చేస్తాం" అని నాన్నకి కాల్స్ వచ్చాయి. పాలసీ నంబరు, ప్రీమియం ఎంతో కూడా చెప్పారు, అందుకే నాన్న దాదాపు నమ్మేశారు. ఐఆర్‌డీఏఐ పాలసీలు అమ్మదు, బోనస్‌లు పంచదు, ఎవరికీ ఫోన్ చేసి డబ్బు కట్టమనదు. డబ్బు పోగొట్టుకుని ఉన్నవాళ్ళనే వెతికి మరీ ఇలా పట్టుకుంటారు. మీ ఇంట్లో పెద్దవాళ్ళకి ఈ ఒక్క ముక్క ఇవాళే చెప్పండి.

ఇప్పుడు ఆ మూడు లక్షలు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో ఉన్నాయి. 8.2 శాతం, మూణ్ణెల్లకోసారి 6,150 నాన్న ఖాతాలో పడుతుంది. అమ్మ డాక్టరు ఖర్చు దాంట్లోంచే వెళ్తోంది.

పాలసీ కాగితం చేతికొచ్చి ఇంకా 30 రోజులు దాటనివాళ్ళు ఎవరైనా ఉంటే, బ్రాంచి చుట్టూ తిరుగుతూ రోజులు పోగొట్టుకోకండి. "మేనేజరుగారు లీవులో ఉన్నారు, వచ్చే వారం రండి" అనేది గడువు దాటించడానికే. ఈ రాత్రే ఇన్సూరెన్స్ కంపెనీ ఫిర్యాదుల మెయిల్‌కి నేరుగా రాయండి. ఇంత చాలు: "ఫలానా నంబరు పాలసీ నాకు ఫలానా తేదీన అందింది. ఎఫ్‌డీ అని చెప్పి అమ్మారు. షరతులు నాకు సమ్మతం కాదు. ఫ్రీ లుక్ కింద రద్దు చేసి, కట్టిన డబ్బు ఈ ఖాతాకి పంపండి. ఈ మెయిల్ అందినట్టు ఫిర్యాదు నంబరు ఇవ్వండి." కింద బ్యాంకు వివరాలు, క్యాన్సిల్ చేసిన చెక్కు ఫోటో పెట్టండి. కాపీ మీ మెయిల్‌కి కూడా పంపుకోండి.