పాత మిలిటరీ రైఫిల్‌తో టాలడేగా, క్యాంప్ పెర్రీ, బిస్లీ: ఏ పనికి ఏ రేంజ్?

ఎనభై ఏళ్ళ నాటి సైనిక రైఫిల్ గుళ్ళను చెల్లాచెదురుగా పెడుతోందంటే తప్పు రైఫిల్‌దా, తూటాదా, పట్టుకున్నవాడిదా అన్నది ఊళ్ళోని ఇండోర్ రేంజ్‌లో తేలదు. పాతిక గజాల దగ్గర ప్రతి రైఫిలూ బుద్ధిమంతురాలే. కనీసం 200 గజాల బయలు కావాలి. అమెరికాలో అలాంటి చోట్లు చాలా ఉన్నా, పాత సైనిక రైఫిళ్ళకు పుట్టినిళ్ళు అనదగ్గవి రెండు: అలబామాలో టాలడేగా, ఒహాయోలో క్యాంప్ పెర్రీ. ఈ రెంటినీ సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్, అంటే పౌరులకు రైఫిల్ పోటీలు నడిపి, పాత సైనిక రైఫిళ్ళు అమ్మే సంస్థ సీఎమ్‌పీ, తన పోటీలకు వాడుతుంది. ఇంగ్లండులో ఉన్నవాళ్ళకు బిస్లీ ఉంది. రైఫిల్‌కి ఏం జబ్బుందో పట్టుకోవడానికి టాలడేగా. జబ్బు లేని రైఫిల్‌తో మనిషి ఎంత కొట్టగలడో చూసుకోవడానికి పెర్రీ. ఈ వరస తిరగేసి ముందే పెర్రీకి వెళ్ళేవాళ్ళు ఎంట్రీ ఫీజూ, వారం సెలవూ పోగొట్టుకుని, గురి చూసే సైట్‌కున్న స్క్రూ వదులుగా ఉందన్న సంగతి ఇంటికొచ్చాక తెలుసుకుంటారు.

మనవాళ్ళు టికెట్లు కొనకముందే చూసుకోవాల్సింది వీసా. హెచ్1బీ, ఎఫ్1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు దాటని వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. రేంజ్‌లో స్నేహితుడి రైఫిల్ ఒక్కసారి చేతిలోకి తీసుకున్నా ఈ చట్టం లెక్కలోకి రావచ్చు కాబట్టి లాయరుతో మాట్లాడాకే బయల్దేరండి. గ్రీన్‌కార్డు ఉంటే ఈ అడ్డు లేదు. అయితే సీఎమ్‌పీ దగ్గర మిలిటరీ సర్‌ప్లస్ రైఫిల్ కొనాలంటే గ్రీన్‌కార్డు చాలదు, అమెరికా పౌరసత్వం ఉండాలి.

టాలడేగా మార్క్స్‌మన్‌షిప్ పార్కు 500 ఎకరాల స్థలం. 2015లో తెరిచారు. అట్లాంటా నుంచి ఐ-20 మీద సుమారు వంద మైళ్ళు, గంటన్నర ప్రయాణం. అలబామా టైమ్ ఒక గంట వెనక కాబట్టి ఉదయం ఆరున్నరకి అట్లాంటాలో బయల్దేరితే అక్కడ దిగేసరికి గడియారం ఏడే చూపిస్తుంది. ప్రతి ఫైరింగ్ పాయింట్ దగ్గరా చిన్న తెర ఉంటుంది. టార్గెట్‌కి అమర్చిన సెన్సర్లు గుండు ఎక్కడ తగిలిందో పట్టి, కాల్చిన మరుక్షణం తెర మీద వరస నంబరుతో చూపిస్తాయి. గుంతలోకి దిగి టార్గెట్ లాగే పని లేదు, స్కోప్ పెట్టి కన్ను చికిలించే పని లేదు. పాత రైఫిల్‌కి అన్నిటికన్నా పనికొచ్చేది ఈ వరస నంబరే. కాగితం మీద పది చిల్లులు కనిపిస్తాయి గానీ ఏది ముందు పడిందో, ఏది వెనక పడిందో కాగితం చెప్పదు.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన ఎమ్1 గారండ్‌నే తీసుకుందాం. పది గుళ్ళలో మొదటివి మధ్యలో పడి, తర్వాతవి ఒకదాని మీద ఒకటిగా పైకి పాకుతుంటే బ్యారెల్ వేడెక్కి చెక్కకు ఒరుసుకుంటోందని అనుమానించాలి. బ్యారెల్ మీద కప్పిన చెక్క, అంటే ముందు హ్యాండ్‌గార్డ్‌ని వేళ్ళతో కదిపి చూడండి. కొద్దిగా కదలాలి, బిగుసుకుపోయి ఉండకూడదు. గుళ్ళు రెండు వేరు వేరు గుంపులుగా పడుతుంటే బ్యారెల్ మూతి దగ్గరుండే గ్యాస్ సిలిండర్ చూడాలి. గారండ్‌లో ముందు సైట్ కూర్చునేది దాని మీదే కాబట్టి అది బ్యారెల్ మీద ఊగితే సైటూ ఊగుతుంది. ప్రతి క్లిప్‌లో (ఎనిమిది తూటాలు పట్టే రేకు) మొదటి గుండు ఒక్కటే దూరంగా పడుతుంటే కంగారు వద్దు. ఆ తూటాను ఛాంబర్‌లోకి, అంటే అది పేలే గదిలోకి, పంపింది చెయ్యి, మిగతావి రైఫిల్ తనంతట తాను ఎక్కించుకున్నవి. ఛాంబర్‌ని వెనక నుంచి మూసే బోల్ట్ మూసుకునే తీరులో తేడా అది.

గుళ్ళు క్రమంగా కిందికి జారుతుంటే తప్పు ఎక్కువగా వెనక సైట్‌దే. పరీక్ష తేలిక. సైట్‌ను అట్టడుగు నుంచి పది క్లిక్‌లు పైకెత్తి, బొటనవేలితో గట్టిగా కిందికి నొక్కండి. దిగిపోతే సైట్‌ను పక్కలకు జరిపే విండేజ్ నాబ్ చివర నట్టు వదులైందన్నమాట. బిగించి మళ్ళీ నొక్కి చూడాలి. ఇది ఇంటి దగ్గర చేసుకోగల పనే, కానీ సగం మంది చెయ్యరు. రైఫిల్ చెక్క ఒంటి, అంటే స్టాక్, పట్టు కూడా చూడండి. ట్రిగ్గర్ గార్డ్ మూసేటప్పుడు అరచేత్తో గట్టిగా నొక్కాల్సి రావాలి. వేలితోనే టపుక్కున మూసుకుపోతే చెక్క అరిగిపోయినట్టే. ఆ రైఫిల్ గ్రూపు, అంటే గుళ్ళు పడే మేర వెడల్పు, నాలుగంగుళాల నుంచి ఎనిమిదికి పోయినా ఆశ్చర్యం లేదు.

గారండ్ సైట్‌లో ఒక క్లిక్ 100 గజాల దగ్గర సుమారు అంగుళం, 200 దగ్గర రెండు అంగుళాలు కదుపుతుంది. పోటీలో వాడే ఎస్ఆర్ టార్గెట్‌లో నల్ల వృత్తం 13 అంగుళాలు, పది పాయింట్ల వలయం 7 అంగుళాలు. అంటే 200 గజాల దగ్గర మూడున్నర నిమిషాల కోణం (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నిమిషం) కన్నా కొంచెం తక్కువ. బల్ల మీద ఆనించి కాల్చినప్పుడు ఆరంగుళాల గ్రూపు పెట్టే రైఫిల్ పదుల వలయంలో ఇమిడిపోతుంది. అంతకన్నా బాగుచేయించడానికి వందల డాలర్లు పొయ్యడం కన్నా ఆ డబ్బుతో తూటాలు కొనడం మేలు.

తూటా విషయంలో గారండ్‌కి పట్టింపు ఎక్కువ. 150 గ్రెయిన్ల (పది గ్రాములకు కాస్త తక్కువ) గుండున్న పాత సైనిక తూటా ఎమ్2 బాల్ రకం, లేదా గారండ్‌కనే చేసిన తూటాలే వాడాలి. గారండ్ వాడేది థర్టీ ఆట్ సిక్స్ (.30-06) కొలత తూటా, కానీ వేటకని అమ్మే బరువు గుళ్ళ రకాల్లో నెమ్మదిగా మండే మందు ఉంటుంది. గ్యాస్ రంధ్రం బ్యారెల్ మూతి దగ్గర ఉండటం వల్ల అక్కడ ఒత్తిడి ఎక్కువై, బోల్ట్‌ని వెనక్కి తోసే ఆపరేటింగ్ రాడ్ వంగవచ్చు. ఒక్కొక్కటిగా కాల్చేటప్పుడు తూటాను నేరుగా ఛాంబర్‌లో పడేసి బోల్ట్‌ని వదలకండి. ఫైరింగ్ పిన్ వెనక స్ప్రింగ్ లేదు, అది ముందుకు దూసుకొచ్చి ప్రైమర్‌ని తాకే ప్రమాదముంది. స్లెడ్ అనే చిన్న క్లిప్‌లో తూటా పెడితే బోల్ట్ దాన్ని మామూలుగా తోసుకుంటూ వెళ్ళి నెమ్మదిస్తుంది.

టాలడేగాలో బసకు ఆక్స్‌ఫర్డ్, యానిస్టన్ వైపు హైవే హోటళ్ళు చాలు. ఏప్రిల్, అక్టోబర్‌లలో దగ్గర్లోనే ఉన్న సూపర్‌స్పీడ్‌వేలో నాస్కార్ కార్ల రేసులుంటాయి. ఆ వారాల్లో గది అద్దె చూస్తే గుండె ఆగుతుంది. సీఎమ్‌పీ దక్షిణ స్టోర్ యానిస్టన్‌లోనే ఉంది. కొనేముందు రైఫిల్‌ను గేజ్‌తో చూడాలనుకుంటే అటు వెళ్ళండి. సీఎమ్‌పీ తరగతుల్లో సర్వీస్ గ్రేడ్ అంటే గేజ్ మీద మూతి అరుగుదల 3, గొంతు (ఛాంబర్ ముందు బ్యారెల్ మొదలయ్యే చోటు) అరుగుదల 5 దాటనిది. గారండ్‌ని వెనక నుంచి శుభ్రం చెయ్యలేం కాబట్టి క్లీనింగ్ రాడ్ ఎప్పుడూ మూతి నుంచే పోతుంది, మూతి త్వరగా అరగడానికి కారణం అదే. రాడ్‌కి గైడ్ తొడగకుండా శుభ్రం చేసిన రైఫిల్ కన్నా, ఎక్కువ కాల్చిన రైఫిలే నయం. తిండి విషయానికొస్తే శాకాహారులకు దారి పొడవునా ఫ్రెంచ్ ఫ్రైసే. అట్లాంటాలోనే పులిహోర కట్టించుకోండి.

క్యాంప్ పెర్రీ వేరే లోకం. ఈరీ సరస్సు ఒడ్డున, పోర్ట్ క్లింటన్ పక్కన ఒహాయో నేషనల్ గార్డ్ స్థావరం. 1907 నుంచి నేషనల్ మ్యాచ్‌లకు ఇదే ప్రధాన వేదిక. జూలైలో మొదలయ్యే ఆ వారాల్లోనే జాన్ సి. గారండ్ మ్యాచ్, స్ప్రింగ్‌ఫీల్డ్ మ్యాచ్, వింటేజ్ మిలిటరీ రైఫిల్ మ్యాచ్ జరుగుతాయి. క్లీవ్‌లాండ్ నుంచి గంటంబావు, డిట్రాయిట్, కొలంబస్‌ల నుంచి ఇంకాస్త ఎక్కువ. గారండ్ మ్యాచ్ 200 గజాల దగ్గరే. ముందు అయిదు ప్రాక్టీస్ గుళ్ళు, ఆ తర్వాత పడుకుని నిదానంగా పది, పడుకుని 80 సెకన్లలో పది, నిలబడి పది నిమిషాల్లో పది. మొత్తం 35 తూటాలు, స్కోరు 300కి. త్వరగా కాల్చే దశలో మొదటి క్లిప్‌లో రెండే పెట్టి, రెండోదానిలో ఎనిమిది పెట్టాలి. కొత్తవాళ్ళు ఎనిమిది ముందు పెట్టి తడబడతారు.

ఇక్కడ స్కోరు తినేసేది నిలబడి కాల్చే దశ. అందులో పోయిన పాయింట్లకు రైఫిల్‌ని తిట్టి లాభం లేదు, నాలుగుంబావు కిలోలు దాటిన బరువుని ఆనింపు లేకుండా మొయ్యాలి. ట్రిగ్గర్‌ను తేలిక చేయించుకుని వెళ్ళినా కుదరదు. గారండ్‌కి నాలుగున్నర పౌండ్లు, ప్రతి గుండుకీ చేత్తో బోల్ట్ లాగే రైఫిళ్ళకు మూడున్నర పౌండ్లు కనీసం ఉండాలి, బరువు వేలాడదీసి చూస్తారు. చాంబర్ ఖాళీ అని చూపే ప్లాస్టిక్ ఇండికేటర్ మర్చిపోవద్దు. సరస్సు గాలి పొద్దున ఒక రకంగా, పదింటికి మరో రకంగా ఉంటుంది. పడవలు కాల్పుల హద్దులోకి వస్తే అవి తప్పుకునేదాకా అందరూ ఆగాల్సిందే. కాగితం టార్గెట్లున్న రేంజ్‌లో మీ వంతు వచ్చినప్పుడు గుంతలోకి దిగి ఇతరులకు టార్గెట్ లాగాలి. టోపీ, నీళ్ళు, చేతి తొడుగులు అందుకే.

బస దగ్గరే పెర్రీ మార్కులు పోగొట్టుకుంటుంది. స్థావరంలోని గదులు చౌకే, రేంజ్‌కి నడిచి పోవచ్చు, కానీ సౌకర్యం అంతంతమాత్రం. పైగా నెలల ముందు బుక్ చెయ్యాలి. బయట పోర్ట్ క్లింటన్, శాండస్కీ జూలైలో సెలవుల జనంతో కిటకిటలాడతాయి, మోటెల్ కూడా మామూలు ధరకు దొరకదు. ఒక్క మ్యాచ్ కోసమే అయితే క్లీవ్‌లాండ్ పడమటి శివార్లలో దిగి తెల్లవారుజామున బయల్దేరడం నయం. పార్మాలోని శివవిష్ణు ఆలయం కూడా ఆ చుట్టుపక్కలే.

విమానంలో వచ్చేవాళ్ళు రైఫిల్‌ను ఖాళీ చేసి, తాళం వేసిన గట్టి పెట్టెలో చెకిన్ దగ్గర చెప్పి అప్పగించాలి. తూటాలకు చాలా విమాన సంస్థల్లో 11 పౌండ్లు హద్దు. థర్టీ ఆట్ సిక్స్ తూటాలు ఆ బరువుకి సుమారు 180 వస్తాయి, మ్యాచ్‌కి 35 చొప్పున అయిదు మ్యాచ్‌లకు చాలు.

వింటేజ్ మ్యాచ్‌కి గారండ్ కాక వేరేది తెచ్చేవాళ్ళకు ఒక మాట. స్వీడిష్ మౌజర్ ఎమ్96 వెనక సైట్ అట్టడుగు గీత 300 మీటర్లది, కాబట్టి 200 గజాల దగ్గర గుండు ఎత్తుగా పడుతుంది. ఎత్తైన ముందు సైట్ పెట్టించాలి, లేదా నల్ల వృత్తం కింద ఖాళీ వదిలి గురి చూడాలి. మోసిన్ నగాంత్ 91/30ని బయొనెట్ తగిలించి సైట్ కుదిర్చారు. అది తీసేస్తే గుళ్ళు పక్కకు పోతాయి, ముందు సైట్‌ను సుత్తితో కాకుండా స్క్రూ ఉన్న పనిముట్టుతో జరపాలి. స్విస్ కే31కి స్విస్ సైనిక తూటా జీపీ11 దొరికితే ఈ బాపతు రైఫిళ్ళలో దానికి పోటీ తక్కువ.

బిస్లీకి లండన్ వాటర్లూ నుంచి బ్రుక్‌వుడ్ దాకా రైలు, అక్కడి నుంచి క్యాంప్ దగ్గరే. బ్రిటన్ జాతీయ రైఫిల్ సంఘం పోటీలు 1890లో వింబుల్డన్ నుంచి ఇక్కడికి మారాయి. సెంచరీ రేంజ్‌లో 600 గజాల దాకా, స్టికిల్‌డౌన్‌లో 800 నుంచి 1200 దాకా కాల్చవచ్చు. ఎన్‌సీసీలోనో పోలీసులోనో .303 పట్టుకున్న తెలుగువాడు దాన్ని మళ్ళీ చూడాలంటే ఇదే చోటు. మన దేశంలో ఆ బోరు పౌరులకు నిషిద్ధం. .303 రైఫిళ్ళలో ఒకటైన లీ ఎన్‌ఫీల్డ్ నంబర్ 4కి గురి కుదరకపోతే ముందు చూడాల్సింది బ్యారెల్ కింద ఉండే ఫోర్‌ఎండ్ చెక్క. వెనక, బోల్ట్ కూర్చునే రిసీవర్‌కి ఆనే చోట అది కుంచించుకుపోతే ప్రతి గుండుకీ బ్యారెల్ కొత్త చోట కూర్చుంటుంది. తర్వాత బ్యారెల్ లోపలి గాళ్ళ మధ్య వ్యాసం కొలవాలి. అది రైఫిల్‌ని బట్టి .311 నుంచి .315 అంగుళం దాకా ఉంటుంది, సన్నటి గుండు వేస్తే పట్టు దొరకదు. కాల్చడానికి సర్టిఫికెటు గానీ, క్లబ్ అతిథిగా ఆహ్వానం గానీ ఉండాలి, ఊరికే వెళ్ళి కాల్చడం కుదరదు. పాత చెక్క క్లబ్‌హౌసుల్లో బస మూడిట్లోకీ బాగుంటుంది.

పాత సోవియట్ తూటాలు కాల్చినవాళ్ళు హోటల్‌కి చేరాక స్నానానికి ముందు రైఫిల్‌కి స్నానం చేయించాలి. ఆ ప్రైమర్లు వదిలేది ఉప్పు, నూనెతో పోదు. మరిగిన నీళ్ళు బ్యారెల్‌లోంచి పోసి, ఆరబెట్టి, అప్పుడు నూనె పట్టించాలి. పెర్రీలో సరస్సు తేమకి ఆ రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి లోపల ఎర్రగా తుప్పు కనిపిస్తుంది.