పదకొండేళ్లుగా నా ఫుల్వియా కూపే

ట్యూరిన్‌కు ఉద్యోగానికి వచ్చేనాటికి నేను దగ్గరగా చూసిన ఇటలీ కారు ఒక్కటే: మా నాన్నగారి ప్రీమియర్ పద్మిని. అది ఫియట్ 1100కు బొంబాయి రూపం. చోక్ లాగడం, ఇంజన్ వేడెక్కేదాకా ఓపిక పట్టడం దాని దగ్గరే నేర్చుకున్నాను. ఇటలీ కంపెనీ లాన్సియా చేసిన రెండు తలుపుల పాత కారు ఫుల్వియా కూపే కొన్నాక ఆ ఓపికే అక్కరకొచ్చింది.

నాది 1971 నాటి 1.3 ఎస్ (1.3 లీటర్ల ఇంజన్ ఉన్న రకం), రెండో సిరీస్. బానెట్ ఎత్తితే ఇంజన్ ఒక పక్కకు 45 డిగ్రీలు ఒరిగి ఉంటుంది. మౌంటింగ్ విరిగిందా అని అడిగినవాళ్లున్నారు. నిజానికి బానెట్ కిందకి ఉండాలనే అలా పడుకోబెట్టారు. ఎత్తోరే జాక్కోనే మీనా రూపొందించిన ఈ వీ4లో, అంటే నాలుగు సిలిండర్లు 'V' ఆకారంలో ఉండే ఇంజన్‌లో, సిలిండర్ల మధ్య కోణం 13 డిగ్రీలు కూడా ఉండదు. అంత ఇరుకు కాబట్టే నాలుగింటికీ కలిపి పైన ఒకటే హెడ్ (మూత) సరిపోయింది. అందులో వాల్వులను తెరిచే కడ్డీలు, అంటే క్యామ్‌షాఫ్ట్‌లు, రెండు: ఒకటి ఇన్‌టేక్ వాల్వులకు, రెండోది ఎగ్జాస్ట్‌కు. 1298 సీసీ, రెండు సోలెక్స్ కార్బురేటర్లు, 90 హార్స్‌పవర్. కార్బురేటర్లు రెండూ ఒకేలా ఊపిరి తీసేలా సెట్ చేయడం నాకు మూడేళ్లకు గానీ చేతకాలేదు.

1965లో వచ్చిన ఈ కూపే రూపం కంపెనీలోనే పనిచేసే పియెరో కాస్తాన్యెరోది. రీవా మోటారు బోట్లు ఆయన మనసులో ఉన్నాయంటారు. వెనక భాగం చూస్తే నమ్మబుద్ధేస్తుంది. అద్దాలు పెద్దవి, పైకప్పును మోసే స్తంభాలు సన్నం. లోపల కూర్చుంటే వరండాలో కూర్చున్నట్టే ఉంటుంది, జూలైలో ఎండ కూడా అలాగే కొడుతుంది. ఏసీ లేదు. వెనక సీటు పిల్లలకే.

పార్కింగ్‌లో స్టీరింగ్ తిప్పాలంటే భుజాలు నొప్పి పుడతాయి. అదే ట్యూరిన్ పక్కనున్న సూపెర్గా కొండెక్కేటప్పుడు తేలికైపోతుంది. ముందు చక్రాలే లాగుతాయి కాబట్టి మలుపులో యాక్సిలరేటర్ వదలకుండా పట్టుకుంటే చాలు. నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులే. 1969లో లాన్సియా ఫియట్ చేతికి వెళ్లాక నాణ్యత తగ్గిందని, మొదటి సిరీసే అసలైనదని పాత అభిమానులు అంటారు. ఫిట్టింగుల సంగతిలో వాళ్లతో వాదించను. కానీ రెండో సిరీస్‌లో వచ్చిన ఐదో గేరును హైవే మీద ఒక్కసారి వాడితే ఆ మాట మళ్లీ అనరు.

ఇక తుప్పు. ఇంజన్, ముందు సస్పెన్షన్ మోసే సబ్‌ఫ్రేమ్ బాడీకి బిగించేచోట ఇది మొదలవుతుంది. ఇక్కడ చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, యాభై ఏళ్ల ఇనుము దాన్ని తట్టుకోదు. నాకు అమ్మినాయన కింద మొత్తం నల్లటి అండర్‌కోట్ దట్టంగా పట్టించాడు. పైన మెరిసే పెయింటు చూసి మురిసిపోయాను. ఏడాది తిరగకముందే లిఫ్ట్ మీద స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే లోపలికి దిగిపోయింది. కొన్న ధరలో మూడో వంతు వెల్డింగ్‌కే పోయింది. మీరు కొనేట్టయితే ముందు లిఫ్ట్ ఎక్కించండి, ఇంజన్ శబ్దం తర్వాత వినొచ్చు. మెకానికల్ సామాన్లు స్పెషలిస్టుల దగ్గర దొరుకుతాయి. క్రోమ్ పట్టీలు, లైట్ల అద్దాలకే తిప్పలు.

పాత కార్లు సేకరించే కలెక్టర్ల డబ్బంతా ఫుల్వియాలో పోటీల కోసం చేసిన రకం, హెచ్‌ఎఫ్‌ల వైపే పోతుంది. అందులోనూ లోపలి హెడ్‌లైట్లు పెద్దవిగా ఉండే 1.6 హెచ్‌ఎఫ్, ఇటాలియన్లు ముద్దుగా 'ఫనలోనే' అనేది, 1,250 పైచిలుకు మాత్రమే తయారైంది. 1972 మాంటె కార్లో ర్యాలీలో సాండ్రో మునారి, మారియో మన్నుచ్చి ఎర్రటి 1.6 హెచ్‌ఎఫ్‌తో, వెనక ఇంజన్ ఉన్న పోర్షాలనూ ఆల్పీన్‌లనూ దాటి గెలిచారు. ఆ పేరుతోనే 'మాంటెకార్లో' మోడల్ అమ్మారు. ఆ మోజులో మామూలు 1.3లకు హెచ్‌ఎఫ్ వేషం వేసి అమ్మేవాళ్లూ తయారయ్యారు. బ్యాడ్జీని నమ్మకండి, ఛాసిస్ నంబరు చదవండి. మొత్తం కూపేలు దాదాపు 1,40,000 వచ్చాయి కాబట్టి మామూలు 1.3 ఇంకా మనలాంటివాళ్లకు అందుబాటులోనే ఉంది. పైగా 30 ఏళ్లు దాటిన కార్లకు ఇటలీలో ఏటా కట్టే పన్ను లేదు, రోడ్డెక్కిస్తే చిన్న రుసుముతో సరి.

నాది లేత నీలం. వెల్డింగ్ అయ్యాక మళ్లీ రంగు వేయిస్తుంటే, ఆ ర్యాలీ కారులా ఎరుపు కొట్టి బానెట్ నల్లగా చేద్దామా, రేటు పెరుగుతుంది అన్నాడు పెయింటర్. ఉన్న నీలమే వేయమన్నాను.