జెనెసిస్ ఆఖరి షో, లండన్ ఓ2 లో, మావయ్యతో

ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ జెనెసిస్ ఆఖరి షో 2022 మార్చి 26 శనివారం లండన్ ఓ2 అరీనాలో జరిగింది, నేనూ మావయ్యా వెళ్ళాం. జెనెసిస్ లాంటి పాత ప్రోగ్రెసివ్ రాక్ (పొడుగాటి వాద్య భాగాలుండే రాక్) బ్యాండ్లు ఒక్కొక్కటే వీడ్కోలు టూర్లు చేస్తున్నాయి, ఇప్పుడు వెళ్ళి చూడటం దండగేమో, పెద్దవాళ్ళని తీసుకెళ్తే ఇబ్బంది పడతారేమో అని ఆగిపోయేవాళ్ళు మా ఫ్రెండ్స్ లోనే చాలామంది ఉన్నారు. అందుకే ఉండే చోటు, తిరిగే రైళ్ళు, సీట్లు, షో అన్నీ కలిపి రాస్తున్నా. నా మాట ముందే చెప్పేస్తా, ఇలాంటి వీడ్కోలు షోలకి వెళ్ళండి. పాడేవాళ్ళకి గొంతు తగ్గినా, నిలబడి పాడే ఓపిక లేకపోయినా, వెళ్ళండి.

మావయ్య ఎనభైల్లో డాక్టరుగా వేల్స్ వచ్చి స్వాన్సీలోనే రిటైర్ అయ్యారు. 1987 జులైలో పాత వెంబ్లీ స్టేడియంలో జెనెసిస్ వరసగా నాలుగు రాత్రులు వాయించింది కదా, అందులో ఒక రాత్రి ఆయన అక్కడున్నారు. బ్యాండ్ గాయకుడు, డ్రమ్మర్ ఫిల్ కాలిన్స్ అప్పట్లో స్టేజి ఈ చివర నుంచి ఆ చివరకి పరిగెత్తడం, మధ్యలో వెళ్ళి టూర్లలో డ్రమ్స్ కొట్టే చెస్టర్ థాంప్సన్ తో పోటాపోటీగా డ్రమ్స్ కొట్టడం, ఇవి నేను చిన్నప్పటి నుంచి ఆయన నోటే విన్నా. ఇప్పుడు ఆయనకి మోకాలి ఆపరేషన్ అయింది, కాలిన్స్ కి 2007లో మెడ దగ్గర వెన్నుపూస దెబ్బతిని చేతుల నరాలు పాడై డ్రమ్ స్టిక్ పట్టుకునే పరిస్థితి లేదు. "ఇద్దరం కూర్చునే ఉంటాం లేరా, సరిపోతుంది" అన్నారు మావయ్య టికెట్లు కొన్న రోజు.

ఆ టికెట్లది ఒక పెద్ద కథ. టూర్ అనౌన్స్ చేసింది 2020 మార్చిలో, కోవిడ్ వల్ల 2021కి వెళ్ళింది, అక్టోబర్ లో లండన్ షోలకి రెడీ అయ్యాక బ్యాండ్ లోనే పాజిటివ్ వచ్చిందని మళ్ళీ ఆపేశారు, చివరికి మార్చి 24, 25, 26 అని కొత్త తేదీలు ఇచ్చారు. అలా మాకు తెలియకుండానే మా టికెట్లు ఆఖరి రాత్రి టికెట్లు అయిపోయాయి. ఈలోపు ఫిబ్రవరి 18న యూనిస్ తుఫానుకి ఓ2 పైకప్పు గుడ్డ చిరిగిపోయిన వీడియో టీవీలో చూసి మావయ్య ఫోన్ చేసి "ఇక ఇది మనకి రాసిపెట్టి లేదురా" అన్నారు, కానీ లోపల అరీనాకి ఏమీ కాలేదు, కొద్ది రోజుల్లోనే మళ్ళీ తెరిచారు.

స్వాన్సీ నుంచి పాడింగ్టన్ వెళ్ళే రైల్లో ఆయన వస్తే నేను బ్రిస్టల్ పార్క్‌వేలో ఎక్కా. పాడింగ్టన్ లో అండర్‌గ్రౌండ్ రైలు బేకర్లూ లైన్ ఎక్కి బేకర్ స్ట్రీట్ లో దిగితే ఎదురు ప్లాట్‌ఫారమ్ మీదే జూబ్లీ లైన్, మెట్లు లేవు, ఓ2 ఉన్న నార్త్ గ్రీనిచ్ స్టేషన్ కి వెళ్ళేది ఈ లైనే. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళతో లండన్ తిరిగేటప్పుడు ఇది బాగా గుర్తుపెట్టుకోండి, జూబ్లీ లైన్లో వెస్ట్‌మిన్స్టర్ నుంచి స్ట్రాట్‌ఫర్డ్ దాకా 1999లో కట్టిన భాగం మొత్తం ప్రతి స్టేషన్లో లిఫ్ట్ ఉంది, మిగతా పాత స్టేషన్లలో చాలా చోట్ల ఆ సుఖం లేదు. మేము వెళ్ళొచ్చిన రెండు నెలలకి, మే 24న, ఎలిజబెత్ లైన్ మొదలైంది, ఇప్పుడైతే పాడింగ్టన్ నుంచి మేము దిగిన కానరీ వార్ఫ్ కి మారకుండా వెళ్ళిపోవచ్చు.

ఉండటానికి ఓ2 పక్కనే పెద్ద హోటల్ ఉంది, నడిచి వెళ్ళిపోవచ్చు, కానీ షో ఉన్న రాత్రుల్లో రేట్లు చూస్తే కళ్ళు తిరుగుతాయి. స్ట్రాట్‌ఫర్డ్ లో చవక హోటళ్ళు చాలా ఉన్నాయి, మూడు స్టేషన్లే, కానీ శనివారం రాత్రి ఆ రైళ్ళు కిక్కిరిసిపోతాయి. గ్రీనిచ్ ఊరు అందంగా ఉంటుంది కానీ షో అయ్యాక బస్సు కోసం నిలబడాలి. మేము కానరీ వార్ఫ్ లో తీసుకున్నాం, అక్కడ బ్యాంకులూ ఆఫీసులే కాబట్టి వీకెండ్ లో బిజినెస్ వాళ్ళు ఉండరు, అదే రూమ్ వారం మధ్యలో కంటే బాగా తక్కువకి వస్తుంది, ఓ2 కి ఒక్కటే స్టేషన్. ఇంకోసారి వెళ్ళినా అక్కడే దిగుతా, హోటల్ మాత్రం మారుస్తా. చెకిన్ మూడింటికన్నారు, నాలుగున్నర దాటినా రూమ్ ఇవ్వలేదు, పెద్దాయన అలా లాబీలో కాలు చాపుకుని కూర్చుంటే కనీసం మంచినీళ్ళు కావాలా అని అడిగినవాళ్ళు లేరు. రూమ్ నీట్ గా ఉంది, పరుపు బాగుంది, నిశ్శబ్దంగా ఉంది, అయినా ఆ గంటన్నర నాకు ఇప్పటికీ మంటే.

శుక్రవారం సాయంత్రం ఫిన్స్‌బరీ పార్క్ వెళ్ళాం, రెయిన్‌బో థియేటర్ చూడటానికి. 1930లో ఆస్టోరియా అనే సినిమా హాలుగా మొదలై డెబ్భైల్లో లండన్ రాక్ కి పెద్ద వేదిక అయిన బిల్డింగ్ ఇది, ఇప్పుడు చర్చి. 1973 అక్టోబర్ లో జెనెసిస్ మొదటి గాయకుడు పీటర్ గాబ్రియల్ ముఖానికి రంగులేసుకుని వేషాలు మార్చుకుంటూ పాడిన షో ఇక్కడిదే, మూసేసిన హాలుని 1977 జనవరి 1న మళ్ళీ తెరిచినప్పుడు మొదట వాయించింది కూడా జెనెసిసే, అప్పటికి గాబ్రియల్ వెళ్ళిపోయి కాలిన్స్ పాడుతున్నాడు. తలుపు దగ్గర ఉన్నావిడని అడిగితే ప్రార్థన మొదలవ్వలేదు, వచ్చి చూసుకోండి అన్నారు. లోపల లాబీ మధ్యలో నీళ్ళ ఫౌంటెన్, చుట్టూ మూరిష్ (స్పెయిన్ లోని పాత అరబ్ కట్టడాల) స్టైల్ లో తోరణాలు, ఇలాంటి చోట నిలబడి టికెట్ చింపించుకుని ఆ సంగీతం వినడానికి లోపలికి వెళ్ళేవాళ్ళా అని నాకు ఒళ్ళు పులకరించింది. పైసా ఖర్చు లేదు, ట్రిప్ మొత్తంలో షో తర్వాత నాకు బాగా నచ్చింది ఇదే. వెళ్తే అది వాళ్ళ ప్రార్థనా స్థలం అని గుర్తుపెట్టుకుని అడిగి మాత్రమే లోపలికి వెళ్ళండి. శనివారం పొద్దున సోహోలో, డెబ్భైల్లో జెనెసిస్ ఆల్బమ్‌లు రికార్డ్ చేసిన ట్రైడెంట్ స్టూడియో ఉండే సెయింట్ ఆన్స్ కోర్ట్ సందు కూడా చూశాం, అది చిన్న సందు, చూడటానికి పెద్దగా ఏమీ లేదు, ఆ చుట్టుపక్కల పని ఉంటేనే వెళ్ళండి.

ఇక ఓ2. ఇరవై వేల మంది పట్టే చోటు, బ్యాగులు ఏ4 కాగితం సైజు దాటితే లోపలికి రానివ్వరు, క్యాష్ తీసుకోరు, టికెట్ ఫోన్ లోనే, కాబట్టి ఛార్జ్ చూసుకోండి. లోపలున్న హోటళ్ళన్నీ షోకి రెండు గంటల ముందే నిండిపోతాయి, మేము కానరీ వార్ఫ్ లోనే తినేసి వెళ్ళాం. సీట్ల విషయంలో నేను మొండిగా ఉన్నా, పైన నాలుగో లెవెల్ చవక కానీ మెట్లు నిటారుగా ఉంటాయి, చిన్నవాళ్ళకే కళ్ళు తిరుగుతాయి, కింద ఫ్లోర్ మీద కుర్చీలైతే ముందువాళ్ళు లేచి నిలబడితే ఇక స్క్రీనే గతి. ఒకటో లెవెల్ లో స్టేజికి పక్కగా తీసుకున్నాం, డబ్బు ఎక్కువే అయింది, కానీ కీబోర్డు మీద టోనీ బ్యాంక్స్ చేతులు కనిపించేంత దగ్గర. మావయ్య నడక చూసి ఒక స్టాఫ్ అమ్మాయి తనే వచ్చి లిఫ్ట్ దాకా తీసుకెళ్ళి, మా వరస దాకా దింపి, ఇంటర్వెల్ లేదు కాబట్టి టాయిలెట్ ఎటో ఇప్పుడే చూసుకోండి అని చెప్పి మరీ వెళ్ళింది. హోటల్ వాళ్ళ దగ్గర పడ్డ చిరాకంతా ఆ పిల్ల పోగొట్టింది.

లైట్లు ఆరి కాలిన్స్ చేతికర్ర పట్టుకుని మెల్లగా నడిచొచ్చి మధ్యలో కుర్చీలో కూర్చున్నాడు. ఆ నడక చూసి మావయ్య నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు. డాక్టర్ కదా, అందరం చూసేది వేరు ఆయన చూసేది వేరు. వెనకాల డ్రమ్స్ మీద కాలిన్స్ కొడుకు నిక్, ఇరవై ఏళ్ళవాడు, వాడు పుట్టేసరికి ఈ పాటల్లో ఏది తీసుకున్నా దానికి కనీసం తొమ్మిదేళ్ళు దాటాయి. మొదటి ట్యూన్ లోనే తెలిసిపోయింది, తండ్రి దెబ్బల్లో ఉండే ఆ బరువు వీడి చేతికి వచ్చేసింది. "ఒరేయ్, కళ్ళు మూసుకుని విను, 87లో విన్నదే ఇది" అన్నారు మావయ్య. నిజంగానే మూసుకుని విన్నా.

గొంతు సంగతి దాచకుండా చెప్పాలి. పాటల శ్రుతి తగ్గించారు, పై స్వరాలు వచ్చినప్పుడు వెనకున్న ఇద్దరు గాయకులు అందుకుంటున్నారు, మొదటి అరగంట నాకు కొంచెం వెలితిగా అనిపించింది. కానీ "మామా" పాటలో కింద నుంచి ఎర్ర లైటు ముఖం మీద పడి, కుర్చీలో కొంచెం ముందుకి వంగి ఆ నవ్వు నవ్వేసరికి హాలంతా గడ్డకట్టింది. కదలడం లేదు కాబట్టి మన చూపు మొత్తం ముఖం మీదే ఉంటుంది, ఆ ముఖంతోనే మనిషి మొత్తం నటన చేస్తున్నాడు. "ఫేడింగ్ లైట్స్" అయితే 1991లో రికార్డ్ చేసినప్పుడు వయసులో ఉన్నవాళ్ళు రాసిన వీడ్కోలు పాట, అది డెబ్భై దాటిన గొంతులో వింటే అసలు ఇప్పటి కోసమే రాసినట్టుంది, ఇక్కడ శ్రుతి తగ్గిందని నాకు గుర్తే రాలేదు.

ఇక నేను వెళ్ళింది దేనికంటే ఆ పొడుగాటి వాద్య భాగాలకి. "ది సినిమా షో" చివర్లో ఏడు మాత్రల లెక్క మీద బ్యాంక్స్ కీబోర్డు నడిపే భాగం ఉంటుంది, పక్కన గిటారిస్ట్ మైక్ రూథర్‌ఫర్డ్ కదలకుండా నిలబడి ఆధారం ఇస్తుంటే, బ్యాంక్స్ స్టేజి మీద ఉన్నానన్న ధ్యాస లేకుండా తలొంచుకుని తన పనిలో ఉంటాడు, ఒక్కసారి కూడా జనం వైపు చూడలేదు. స్కూల్ పిల్లలుగా మొదలుపెట్టి యాభై ఐదేళ్ళుగా ఈ ఇద్దరూ కలిసి వాయిస్తున్నారు, ఒకరినొకరు చూసుకోవాల్సిన పని కూడా లేదు. "ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్" లో బ్యాండ్ పాత గిటారిస్ట్ స్టీవ్ హాకెట్ సోలో డారిల్ స్టూర్మర్ వాయించాడు, ఆయన 1978 నుంచి వీళ్ళతో ఉన్న మనిషే, ఎంత బాగా వాయించినా హాకెట్ అక్కడ ఉంటే బాగుండేదన్న బాధ నాకు పోలేదు. ఆ ఒక్కటే షో మీద నాకున్న కంప్లైంట్.

మధ్యలో కాలిన్స్ ఇది మా ఆఖరి షో, రేపట్నుంచి అందరం నిజం ఉద్యోగాలు వెతుక్కోవాలి అన్నాడు. పీటర్ గాబ్రియల్ కూడా ఇక్కడే ఎక్కడో కూర్చున్నాడు, తన కాలంనాటి పొడుగు పాట "సప్పర్స్ రెడీ" వాయించమని అరుస్తున్నది అతనేనేమో అనేసరికి ఇరవై వేల మందీ మెడలు తిప్పి వెతకడమే. 1975లో బ్యాండ్ వదిలిన మనిషి ఆఖరి రాత్రి జనంలో కూర్చుని వినడానికి రావడం, ఆయన లేకుండా పెద్దవాళ్ళయిన వీళ్ళు చివర్లో ఆయన కాలంనాటి "కార్పెట్ క్రాలర్స్" తో ముగించడం, ఏ డబ్బుకి దొరుకుతుంది ఇది? మావయ్య కళ్ళు తుడుచుకుంటున్నారు, నేనూ.

షో అవగానే స్టేషన్ కి పరిగెత్తకండి. నార్త్ గ్రీనిచ్ బయట తాళ్ళు కట్టి జనాన్ని విడతలుగా వదులుతారు, మేము లోపలే ఇరవై నిమిషాలు కూర్చుని వెళ్తే సీటు దొరికింది. థేమ్స్ మీద పడవలు కూడా షో రాత్రుల్లో ఉంటాయి, సెంట్రల్ లండన్ లో దిగేవాళ్ళకి అది హాయి, టికెట్ ముందే కొనుక్కోవాలి.

ఆ రాత్రే గడియారాలు గంట ముందుకి జరిగాయి, పైగా ఆదివారం ఇక్కడి మదర్స్ డే, ఈ రెండూ కలిసి మర్నాడు బాగా హడావిడి చేశాయి. నిద్ర చాలకుండానే వాటర్లూ నుంచి గోడల్మింగ్ వెళ్ళాం, 1967లో బ్యాండ్ పుట్టిన చార్టర్‌హౌస్ స్కూల్ అక్కడే. అది నడుస్తున్న హాస్టల్ స్కూల్, లోపలికి వెళ్ళే ప్రయత్నం చేయలేదు, స్టేషన్ నుంచి ఎత్తు ఎక్కాలి కాబట్టి టాక్సీలో రోడ్డు మీద నుంచే చూసి వచ్చాం. ఊళ్ళో భోజనానికి ఎక్కడికెళ్ళినా అమ్మల్ని తీసుకొచ్చిన ఫ్యామిలీలతో నిండిపోయి ఉంది. మావయ్య తృప్తి పడ్డారు కానీ నన్నడిగితే ఈ ఒక్కటీ తీసేసి ఆదివారం ఆలస్యంగా లేవడమే మంచిది.

ఆ ఏడాది సెప్టెంబర్ నుంచి స్టీవ్ హాకెట్ జెనెసిస్ పాత ఆల్బమ్ "ఫాక్స్‌ట్రాట్" కి యాభై ఏళ్ళ సందర్భంగా యూకే అంతా తిరిగాడు, ఆల్బమ్ మొత్తం వాయించాడు, అంటే ఆ ఇరవై మూడు నిమిషాల "సప్పర్స్ రెడీ" కూడా ఉంది. చిన్న థియేటర్లు, ఓ2 తో పోలిస్తే టికెట్ కూడా తక్కువే. ఆ టూర్ కి ముందు మావయ్య ఫోన్ చేసి "నడవ పక్క సీట్లే తియ్యరా, ఎడమ వైపు, నా కాలు చాపుకోవాలి" అన్నారు, ఎడమ వైపు సీట్లు ఇంకా ఉన్నాయి, ఆ రాత్రే బుక్ చేసేశా.