రేంజ్‌ఫైండర్ బాగుందన్న మాట నమ్మి 4×5 కెమెరా కొనకండి

కడప, కర్నూలు, అనంతపురం వైపు పాత 4×5 కెమెరా (4×5 అంగుళాల ఫిల్ము వేసేది) వెతుకుతున్నవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి. ఈ మధ్య కడపలో క్రౌన్ గ్రాఫిక్ అనే 4×5 కెమెరా ఒకటి అమ్ముడైంది. అమ్మినవాళ్లు "రేంజ్‌ఫైండర్ (దూరం కొలిచి ఫోకస్ కుదిర్చేది) బాగుంది, గ్రౌండ్ గ్లాస్ (వెనక బొమ్మ పడే గరుకు గాజు) చూసే పనే లేదు, చేత్తో పట్టుకుని చకచకా తీసేయొచ్చు" అన్నారు. గండికోట లోయ నెగటివ్ కూడా చూపించారు. అది పదునుగానే ఉంది, కానీ ఎఫ్/22లో, అంటే లెన్సు రంధ్రం బాగా చిన్నది చేసి తీసింది. ఎదుటి గట్టు చాలా దూరం.

పైన రేంజ్‌ఫైండర్ ఉండే ఈ మోడళ్లలో (1955 నుంచి వచ్చినవి) దాన్ని నడిపే క్యామ్ (వంపు తిరిగిన చిన్న లోహపు ముక్క) లెన్సు ఒక్కో ఫోకల్ లెంగ్త్‌కు ఒక్కోటి. ఈ కెమెరాలో ఉన్నది 135 మిల్లీమీటర్ల లెన్సుకు చేసిన క్యామ్, లెన్సు మాత్రం 150. లెన్సు జరిగే పట్టాల మీది ఇన్ఫినిటీ స్టాపులను (చాలా దూరపు ఫోకస్ దగ్గర లెన్సును ఆపేవి) 150కి సరిపోయేలా ముందుకు జరిపి బిగించేశారు. అందుకే దూరపు కొండ చక్కగా కలుస్తుంది. దగ్గరికొస్తే బండారం బయటపడుతుంది. 3 మీటర్లకు 135 లెన్సు 6.4 మిల్లీమీటర్లు ముందుకు జరగాలి, 150 అయితే 7.9. ఆ మిల్లీమీటరున్నర తేడాకే పదును సుమారు 3.7 మీటర్ల దగ్గర పడుతుంది: ముఖం మసక, వెనక గోడ బండలు స్పష్టం. ఎఫ్/22లో ఇది కనిపించదు, లెన్సు బాగా తెరిచే ఎఫ్/5.6లో దాగదు. చేత్తో తీసేవాళ్లకు పనికొచ్చేది 5.6, 8లే కదా!

కొనేముందు ట్రైపాడ్ అడగండి. 3 మీటర్ల దూరంలో గోడకు న్యూస్‌పేపరు అంటించి, లెన్సు పూర్తిగా తెరిచి, రేంజ్‌ఫైండర్‌తో ఫోకస్ చేయండి. ఇంకేమీ కదపకుండా గ్రౌండ్ గ్లాస్ మీద భూతద్దం పెట్టి చిన్న అక్షరాలు చూడండి. మసకగా ఉంటే వదిలేయండి. గాజు గరుకు ముఖం లెన్సు వైపే ఉండాలి. తిరగేసి బిగించి ఉంటే ఈ పరీక్షే తప్పుతుంది.

బెల్లోస్‌ను (లెన్సుకూ కెమెరాకూ మధ్య మడతల తిత్తి) చీకటి గదిలో, లోపల ఫోన్ టార్చి వెలిగించి చూడండి. చిల్లులు పడేది మడతల మూలల్లోనే. షట్టర్‌ను ఫోన్ స్లో మోషన్‌లో, సెకనుకు 240 ఫ్రేముల్లో తీయండి: 1/30 సెకను వేగానికి సుమారు 8 ఫ్రేములు తెరిచి ఉండాలి. 12 వస్తే నూనె గట్టిపడినట్టే.

ఇప్పటికే కొనేసినవాళ్లు 135 లెన్సు దొరికితే వేసి, స్టాపులు వెనక్కి జరిపి సరిచేసుకోండి. అప్పటిదాకా రేంజ్‌ఫైండర్ జోలికి పోకండి. గ్రౌండ్ గ్లాస్ మీద 3, 5 మీటర్లకు ఫోకస్ చేసి పట్టాల మీద సన్న పెన్సిల్ గీతలు పెట్టుకోండి. 3 మీటర్ల దారం ఒకటి కెమెరాకు కట్టుకుంటే, మనిషి దాకా దారం లాగి, గీతకు జరిపి, నొక్కడమే.