ఆనింగ్ కొంటున్నారా? బాక్సులో వచ్చిన మేకులను నమ్మి గాలిలో తెరవకండి

క్యాంపర్‌వ్యాన్‌కు ఆనింగ్, అంటే వ్యాన్ పక్క నుంచి బయటికి తెరిచి కాళ్ల మీద నిలిపే గుడ్డ పందిరి, కొనేటప్పుడు అందరి కళ్లూ గుడ్డ మీదే ఉంటాయి. మందం ఎంత, నీళ్లు దిగుతాయా, ఎండకు వెలిసిపోతుందా అని. గాలికి పోయిన ఆనింగ్‌లను దగ్గర్నుంచి చూస్తే మాత్రం గుడ్డ చిరిగి పోయినవి తక్కువే. మేకు ఊడి, కాలు లేచి, ముందు రైలు (గుడ్డ ముందు అంచున ఉండే పొడవాటి కడ్డీ) వ్యాన్ టాప్ మీదికి తిరగబడి, గుడ్డను చాపే మడత చేతులు మోచేయి దగ్గర మెలిపడినవే ఎక్కువ. మీరు డబ్బు పోసిన చోట కాదు, తయారీదారు పైసలు మిగుల్చుకున్న చోట పోతోంది. బాక్సు మీద ‘స్టార్మ్ రెడీ’ అని పెద్దక్షరాలతో అచ్చేసి, లోపల పెన్సిల్ కన్నా సన్నటి ఇనుప కడ్డీలు నాలుగు పడేసే సరుకు బోలెడు అమ్ముడుపోతోంది.

ముందు లెక్క చూడండి. 3 మీటర్ల పొడవు, 2.5 మీటర్ల వెడల్పు తెరిస్తే 7.5 చదరపు మీటర్ల గుడ్డ. గంటకు 36 కి.మీ. గాలి కిందికి దూరి నేరుగా తోస్తే ఆ తోపు సుమారు 47 కిలోల బరువుతో సమానం. 54 కి.మీ. అయితే 105 కిలోలు, 72 అయితే 187. వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది. అందుకే ‘నిన్న కాస్త తక్కువ గాలికి బాగానే ఆగింది కదా’ అన్న ధైర్యం పనికిరాదు. ఈ సైజు క్యాసెట్ ఆనింగ్ (గుడ్డ చుట్టుకుని పెట్టెలోకి వెళ్లిపోయే రకం) మొత్తం బరువే 20-25 కిలోలు, అందులోనూ ఎక్కువ భాగం వ్యాన్ వైపే ఉంటుంది. పైగా గాలి కింద నుంచి తోయడంతో పాటు, గుడ్డ మీదుగా జారిపోతూ పైకి పీలుస్తుంది కూడా. కాబట్టి ముందు రైలు కింద పడుతుందేమోనని కాదు, పైకి లేస్తుందని భయపడాలి.

బాక్సులో వచ్చే మేకు మామూలుగా 18 సెం.మీ. పొడవున, తల వంచిన గుండ్రటి కడ్డీ. మెత్తటి నేలలో బొటనవేలితో నొక్కినా దిగుతుంది. దిగినంత సులువుగానే పైకీ వస్తుంది. కాలి పాదానికి ఉన్న చిన్న బెజ్జాల్లోంచి దీన్ని నిలువుగా దించితే కాలు పక్కకు జరక్కుండా ఆపుతుంది, అంతే. పైకి లాగే బలానికి నిలువు మేకు ఆగదు. ఓ గంట పాటు ఆ పాదాన్నే గమనించండి. గాలి విసిరినప్పుడల్లా వెంట్రుకవాసి లేచి పడుతుంటుంది. మేకు చుట్టూ మట్టి రేణువు రేణువుగా వదులై, చీమ దూరేంత సందు ఏర్పడుతుంది. సాయంత్రానికి రెండు వేళ్లతో పట్టుకుంటే మేకు చేతిలోకి వచ్చేస్తుంది. పైనుంచి చూస్తే అంతా బిగుతుగానే ఉన్నట్టుంటుంది, మోసమంతా అక్కడే.

నేలను బట్టి మేకు మారాలి. గట్టి నేలకు, రాళ్లు కలిసిన నేలకు సుత్తితో కొట్టి దించే 25-30 సెం.మీ. గట్టి స్టీలు మేకులు. గడ్డి నేలకు ‘వి’ ఆకారంలో మడిచిన రేకు మేకులు గానీ, డ్రిల్లుతో తిప్పి దించే స్క్రూ మేకులు గానీ. ఇసుకలో ఇవేవీ నిలవవు. వెడల్పాటి ఇసుక మేకులు తీసుకోవాలి, లేదా సంచిలో ఇసుక నింపి మెడకు తాడు కట్టి అర మీటరు లోతున పాతిపెట్టాలి. తాడు కట్టే మేకును తల ఆనింగ్‌కు అవతలి వైపు వాలేలా దించండి. మేకుకూ తాడుకూ మధ్య దాదాపు లంబకోణం రావాలి. తల నేలకు ఆనేదాకా కొట్టాలి. నాలుగు వేళ్ల మేర పైకి వదిలేసి ఆ చివర తాడు కడితే, గాలి ఆ మేకునే గడ్డపలుగులా వాడుకుని నేలను పెకలిస్తుంది.

ఇక కొనేవాళ్లను ఎక్కువగా దెబ్బతీసే సంగతి: ముందు రైలును నేలకు కట్టి ఉంచుతూ ఫోటోలో కనిపించే పట్టీలు బాక్సులో ఉండవు. గాలి పట్టీల కిట్ చాలాసార్లు విడి బిల్లు. కార్టులో వేసే ముందు ‘బాక్సులో ఏముంది’ అన్న జాబితా అక్షరం అక్షరం చదవండి. కిట్‌లో రెండు పట్టీలు, వాటికి స్ప్రింగులు, రెండు గట్టి మేకులు ఉండాలి. ముందు రైలు రెండు చివర్ల నుంచి బయటికి, నేలకు 45 డిగ్రీల వాలులో లాగాలి. స్ప్రింగు అలంకారానికి కాదు. గాలి విసురు ఒక్కసారిగా మేకు మీద పడకుండా అది సాగి మింగేస్తుంది. సామాన్లు కట్టుకునే సాగే రబ్బరు కొక్కేల తాళ్లను దానికి బదులు వాడొద్దు, మేకు ఊడితే కొక్కెం ముఖం మీదికే వస్తుంది. పట్టీకి ర్యాచెట్ (పళ్ల చక్రంతో బిగించే మీట) ఉంటే చేతి బలంతో ఆపేయండి. ఇంకో రెండు పళ్లు బిగిద్దామనుకుంటే రైలు విల్లులా వంగుతుంది. పట్టీ గాలికి బుయ్యిమని మోగుతుంటే ఒక్క మెలి తిప్పి కట్టండి, సద్దుమణుగుతుంది. తాళ్లయితే 4 మి.మీ. పాలిస్టర్ మేలు. నైలాన్ తడిస్తే సాగుతుంది, అర్ధరాత్రి వానలో మళ్లీ బిగించాల్సి వస్తుంది. గోడకూ ముందు రైలుకూ మధ్య పెట్టే ర్యాఫ్టర్ కడ్డీ కూడా విడిగా అమ్ముతారు, కానీ కొనాల్సిందే. అది లేకపోతే గుడ్డ టపటప కొట్టుకుని కుట్టు పిగులుతుంది.

ఆనింగ్‌ను వ్యాన్‌కు పట్టి ఉంచే బ్రాకెట్ల విషయంలో బేరాలు వద్దు. వ్యాన్ బాడీ రేకు మందం చాలాచోట్ల 1 మి.మీ. కూడా ఉండదు. ‘అన్ని వ్యాన్లకూ సరిపోతుంది’ అని అమ్మే బ్రాకెట్‌ను ఆ రేకులోకి స్క్రూలతో బిగిస్తే, మొదటి పెద్ద గాలికి స్క్రూలు రేకుతో సహా వస్తాయి. మీ వ్యాన్ మోడల్‌కు చేసిన బ్రాకెట్లే అడగండి. ఫ్యాక్టరీ మౌంటు పాయింట్లకు బోల్టు పడాలి, లేదా రేకు లోపలి వైపు వెడల్పాటి బ్యాకింగ్ ప్లేటు ఉండాలి. కాళ్లను నేల మీద కాకుండా వ్యాన్ గోడకే ఆనించే పద్ధతి ఉంది చూశారూ, అది నీడకు మాత్రమే. అప్పుడు నేలతో సంబంధమే ఉండదు, లేచే బలమంతా ఈ బ్రాకెట్ల మీదే పడుతుంది.

వ్యాన్‌ను వదిలి విడిగా నిలబడే టెంటు రకమైతే, కొనేముందు మీ వ్యాన్ మీది రైలు గాడి కొలవండి. ఆ గాడిలోకి దూర్చే పూసతాడు (టెంటు అంచున కుట్టిన గుండ్రటి తాడు) 4 మి.మీ., 6 మి.మీ. సైజుల్లో వస్తుంది. పెద్ద గాడిలో సన్న పూస పెడితే విసురుగాలికి జిప్పు తెరిచినట్టు ఈ చివర నుంచి ఆ చివరకు జారిపోతుంది. అయస్కాంతాలు, సక్షన్ కప్పులు గాలి లెక్కలోకే రావు. గాలి నింపే గొట్టాల రకమైతే, లేబుల్ మీద రాసిన పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) వరకు గేజీ చూసి కొట్టండి. తక్కువైతే విసురుకు గొట్టం మధ్యలో మడత పడుతుంది. రాత్రి చలికి ఒత్తిడి తగ్గుతుంది, మధ్యాహ్నం ఎండకు పెరుగుతుంది. కాబట్టి తెల్లవారుజామున బిగుతుగా నింపినవాళ్లు ఎండెక్కాక కొంచెం వదలాలి. వ్యాన్ బయటికి తీసిన రోజు ఆ వైపు కూడా తాళ్లు కట్టడం మరవకండి.

తెరిచే వరస ఇది. వ్యాన్‌ను గాలికి అడ్డుగోడలా నిలిపి, ఆనింగ్ గాలి మరుగు వైపు వచ్చేలా చూసుకోవాలి. హ్యాండిల్ తిప్పి మీటరు మాత్రమే తెరిచి, కాళ్లు దించి నేలకు ఆనించాకే మిగతాది తిప్పాలి. ఇద్దరు లేకపోతే గాలిలో ఈ పని మొదలుపెట్టొద్దు. పూర్తిగా తెరిచాక గుడ్డ బిగిసేలా కాస్త వెనక్కి తిప్పండి. పట్టీలు గాలి వచ్చే చివర ముందు, రెండో చివర తరవాత. ఎత్తు వీలైనంత తగ్గించి, వాన ఉంటే ఒక కాలిని ఇంకో జానెడు దించండి. చదరపు మీటరు గుడ్డ మీద 1 సెం.మీ. నీళ్లు నిలిస్తే 10 కిలోలు.

వాతావరణ సూచనలో సగటు గాలి కాదు, గస్ట్ (ఒక్కసారిగా విసిరే గాలి) అంకె చూడండి. దుమ్ము, కాగితాలు లేస్తున్నాయంటే గాలి 20 కి.మీ. దాటినట్టు, ఇక ఆనింగ్‌ను వదిలి ఎటూ వెళ్లొద్దు. చిన్న చెట్లు ఊగుతున్నాయంటే 30 దగ్గర పడింది, మూసేయండి. పడుకునేటప్పుడు, వ్యాన్ వదిలి వెళ్లేటప్పుడు గాలి లేకపోయినా మూసేయడమే. మూసేటప్పుడు ఒకరు ముందు రైలును రెండు చేతులతో పట్టుకున్నాకే రెండోవారు పట్టీలు విప్పాలి, గాలి వచ్చే వైపు పట్టీ ఆఖరున. పట్టీలన్నీ ముందే విప్పేసి తర్వాత హ్యాండిల్ కోసం వెతికే ఆ అర నిమిషంలోనే చాలా రైళ్లు టాప్ ఎక్కుతాయి.

గాలి దెబ్బను వారంటీ నుంచి తప్పించే షరతు చాలా మాన్యువల్స్‌లో చిన్నక్షరాల్లో ఉంటుంది, డబ్బు కట్టే ముందే చదవండి. సరుకు రాగానే, వాపసు గడువు లోపలే, గాలి లేని రోజున ఒకసారి పూర్తిగా తెరిచి చూసుకోండి: రెండు చేతులూ సమంగా సాగుతున్నాయా, కాళ్ల లాకులు బరువుకు జారుతున్నాయా, బ్రాకెట్ బోల్టులు ఎన్ని వచ్చాయి. బిగించిన రోజే బ్రాకెట్లకు లోపలా బయటా దగ్గర్నుంచి ఫోటోలు తీసి బిల్లుతో కలిపి ఉంచుకోండి.