అతి తక్కువ దూరపు దారులు: ప్రస్తారమా, కూడికా?

బెంగళూరు మల్లేశ్వరంలోలా మెయిన్ రోడ్లూ క్రాస్ రోడ్లూ నిలువుగా, అడ్డంగా ఉన్నాయనుకుందాం. తూర్పుకు 4 గడులు, ఉత్తరానికి 3 గడులు వెళ్లాలి (పక్కపక్క కూడళ్ల మధ్య దూరం ఒక గడి). అతి తక్కువ దూరపు దారులు ఎన్ని?

ప్రస్తారంతో, అంటే వరుసలు ఎన్ని రకాలుగా పేర్చవచ్చో లెక్కపెట్టే సూత్రంతో, ఒక్క గీతలో తేలిపోతుంది. ప్రతి దారీ 4 'తూ', 3 'ఉ' అక్షరాల వరుసే కాబట్టి 7!/(4!·3!) = 35 (7! అంటే 1 నుంచి 7 దాకా అంకెల లబ్ధం). ఇక్కడ చాలామంది పొరపడేది గడులకు బదులు రోడ్లు లెక్కపెట్టడంలో. 4 గడులకు 5 రోడ్లుంటాయి, 3 గడులకు 4. వాటితో వేస్తే 9!/(5!·4!) = 126 వస్తుంది, తప్పు.

రెండో పద్ధతి కూడిక. ఇందులో బయలుదేరే మూల నుంచి మొదటి అడ్డవరుస, మొదటి నిలువువరుస కూడళ్లన్నిటికీ 1 రాయాలి. మిగతా ప్రతి కూడలికీ పడమటి అంకె, దక్షిణపు అంకె కలపాలి. చివరి మూలలో మళ్లీ 35. నింపడానికి కాస్త ఓపిక కావాలి, అంతే.

తేడా తెలిసేది రోడ్డు తవ్వినప్పుడు (ఆ ఊళ్లో అది మామూలే!). తూర్పుకు 2, ఉత్తరానికి 1 గడి దూరంలోని కూడలి మూస్తే, ప్రస్తారంలో దాని గుండా పోయే 3×6 = 18 దారులు (అక్కడిదాకా 3, అక్కణ్నుంచి 6) తీసేయాలి; మిగిలేవి 17. కూడికలో అక్కడ 0 రాసి సాగిపోవచ్చు. మూసిన కూడళ్లు మూడు నాలుగైతే ప్రస్తారంలో రెండుసార్లు తీసేసినవి తిరిగి కలుపుకోవాలి. అప్పుడు నా ఓటు కూడికకే.